మాటకు మెట్లు

బిరుదులన్న మనవారికి మొదటినుండియు మక్కువ. అల్లసాని పెద్దనకు కృష్ణదేవరాయలు స్వహస్తములతో గండపెండేరము తొడిగెననియు, శ్రీనాథునకు కనకాభిషేకము జరిగెననియు ఇప్పటికిని తరగతులలో ముచ్చటగా చెప్పుకొందుము. రాజులు పోయినను ముచ్చట పోలేదు. ఏ వార్షికోత్సవమునకు వెళ్లినను ఒక శాలువ, ఒక జ్ఞాపిక, పేరునకు ముందొక విశేషణము సిద్ధముగా నుండును. ఆ విశేషణమునకై ఆ పెద్దమనిషి యేమి చేసినాడో సభలో సగముమందికి తెలియదు.

అందుచేత, నా వద్ద చదువుకొన్న అమ్మాయి యొకతె హైదరాబాదునుండి ఫోను చేసి, "మాస్టారూ, మా టోస్టుమాస్టర్స్ క్లబ్బులో ఈ శనివారం నా ప్రసంగం ఉంది. పెద్ద అవార్డుకు దగ్గర పడ్డాను. మీరు తప్పకుండా రావాలి" అన్నప్పుడు నాకు లోలోపల నవ్వు వచ్చినది. మాటలాడుటకు కూడ మెడల్సా అనుకొంటిని.

అంతకంటె వింత, ఆ పిల్ల మాటలాడుట. తొమ్మిదవ తరగతిలో వక్తృత్వపు పోటీనాడు ఆమె బల్లముందు నిలిచి, మొదటి వాక్యము చెప్పి, రెండవది మరచి, గోడ గడియారమువంక చూచుచు ఉండిపోయినది. అంతవరకు నాకు జ్ఞాపకమున్నది. తరువాత జరిగినది జ్ఞాపకము లేదు. అది ఆమె నోటనే వినవలసి వచ్చినది.

ఈ టోస్టుమాస్టర్స్ సంస్థ పుట్టినిల్లు అమెరికా. రాల్ఫ్ స్మెడ్లీ యను నాతడు 1903లో ఇల్లినాయి వెస్లియన్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, బ్లూమింగ్‌టన్ పట్టణమందలి వై.ఎం.సి.ఎ.లో విద్యావిభాగము చూచుటకు చేరెను. అచ్చటికి వచ్చు యువకులు తెలివిగలవారే; కాని నలుగురిలో నిలిచి నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినను, ఒక చిన్న సభకు అధ్యక్షత వహింపవలసి వచ్చినను తడబడుచుండిరి. వారికొరకై ఆయన 1905లో ఒక అభ్యాససభను ఏర్పరచెను. ఆ దేశమున విందులలో వక్తలను ఒకరి తరువాత ఒకరిని పిలుచుచు సభను నడపువానిని టోస్టుమాస్టరు అందురు. ఈ సమావేశములును ఆ తీరుననే సాగుటచే ఆ పేరే స్థిరపడినది.

స్మెడ్లీ ఉద్యోగరీత్యా ఊరూర తిరిగెను. ప్రతి ఊర ఒక క్లబ్బు పెట్టెను. ఆయన కదలగానే అది చల్లబడెడిది. శ్రద్ధగల ఉపాధ్యాయుడు బదిలీపై పోగా బడిలోని గ్రంథాలయపు బీరువాకు తాళము పడుట మన మెరిగినదే గదా! తుదకు 1924 అక్టోబరు 22వ తేదీన, కాలిఫోర్నియాలోని శాంతా అనా పట్టణమున, వై.ఎం.సి.ఎ. భవనపు నేలమాళిగలో మొదలిడిన క్లబ్బు నిలిచినది. 1930లో కెనడాలోని న్యూ వెస్ట్‌మిన్‌స్టరున మరియొకటి వెలసి, సంస్థ దేశపు ఎల్ల దాటెను. 1932లో అది చట్టబద్ధముగా నమోదైనది. స్మెడ్లీ 1965లో కాలధర్మము చెందెను. ఈనాడు 140కి పైగా దేశములలో ఈ క్లబ్బులున్నవి. అమెరికాలో తెలుగులోనే సభలు జరుపుకొనువియు కలవు. 2019-20లో ఈ సంస్థకు అంతర్జాతీయాధ్యక్షుడు మన దేశస్థుడగు దీపక్ మీనన్.

ఇక ఆ శనివారపు సభ. ఒక కార్యాలయపు పై అంతస్తులో ముప్పది కుర్చీలు వేసియుండెను. ప్రతివానికిని ఏదో యొక పని. ఒకడు కాలము కొలుచును. సాధారణ ప్రసంగమునకు అయిదవ నిమిషమున ఆకుపచ్చ, ఆరవ నిమిషమున పసుపు, ఏడవ నిమిషమున ఎరుపు అట్టముక్క పైకెత్తును. ఒకతె భాషాదోషములు వ్రాసికొనును. ఇంకొక కుర్రవాడు వక్తల నోట దొర్లు 'ఆ', 'ఊ' లను లెక్కించును. ముందుగా చెప్పక ఒక విషయమిచ్చి ఒకటి రెండు నిమిషములు మాటలాడుమను ఘట్టమొకటి కలదు. మన అవధానములలోని అప్రస్తుత ప్రసంగము నాకు స్ఫురించినది. అతిథినని మొగమాటము లేకుండ నన్నును లేపిరి. "తెలుగులోనే చెప్పండి మాస్టారూ" అనిరి. విషయము: నా మొదటి జీతము. ముప్పదియారేండ్లు పాఠములు చెప్పిన వాడను గదా యని ధీమాగా లేచితిని. సభ చివర ఆ కుర్రవాడు లెక్క చదివినాడు: "అతిథిగారు 'అంటే' అనే మాట పదకొండుసార్లు వాడారు." అందరును నవ్విరి. నేనును నవ్వితిని, కొంచెము ఆలస్యముగా.

నన్ను కట్టిపడవేసినది మాత్రము విమర్శ. ఇచ్చట వక్తకు మార్కులు లేవు. ప్రతి వక్తకును ఒక విమర్శకుడుండును. అతడు రెండు మూడు నిమిషములలో, అందరియెదుట, ఏది బాగున్నదో, ఏది ఎట్లు మార్చిన ఇంకను బాగుండునో చెప్పవలెను. ఆ చెప్పిన తీరును సరిచూచుటకు మరియొకడు ఉండును. అనగా దిద్దువానిని కూడ దిద్దుదురు. ఇన్నేండ్లు ఎర్రసిరాతో దిద్దిన నా చేతిని ఎవరైన దిద్దిరా?

పై అవార్డుల సంగతి ఆ అమ్మాయి నాకు విరామ సమయమున తేనీరు చల్లారుచుండగా వివరించినది. పూర్వపు పద్ధతిలో పది ప్రసంగములు ముగించినవానికి కాంపిటెంట్ కమ్యూనికేటర్ అను తొలి గుర్తింపు దక్కెడిది. పిమ్మట ఒక్కొక్కదానియందు అయిదేసి ప్రసంగములుండు పై పుస్తకములు. వానిలో రెండు పూర్తిచేసిన కాంస్యము, మరి రెంటికి రజతము, మరి రెంటికి స్వర్ణము. తొలి పదితో కలిపి నలువది ప్రసంగములు. ఇతర విధులు వేరు. నాయకత్వమునకు వేరొక వరుస. రెండు వరుసలును ముగించినవాడే డిస్టింగ్విష్డ్ టోస్టుమాస్టరు, అనగా విశిష్టుడు. 2017 నుండి పాత్‌వేస్ అను క్రొత్త ప్రణాళిక వచ్చి, 2020 జూన్ 30తో పాతది ముగిసినది. ఇందు సభ్యుడు తనకు నచ్చిన మార్గమును ఎన్నుకొనును; ప్రతి మార్గమునకును అయిదు మెట్లు. విశిష్టుడగుటకు రెండు మార్గములు నడువవలెను.

మొదటి మెట్టులోనే ఒక అభ్యాసము ఉపాధ్యాయులు గమనింపదగినది. సభ్యుడు ఒక ప్రసంగము చేయును. వచ్చిన విమర్శను తీసికొని, దానిని ఆచరణలో పెట్టి రెండవ ప్రసంగము చేయును. మూడవ భాగమున తానే ఇంకొకరికి విమర్శకుడై నిలుచును. ఈ మూడును జరిగిననే ఆ పాఠము ముగిసినట్లు. రెండవ మెట్టులో క్రొత్తవారికి మార్గదర్శిగా నుండుటను గూర్చిన పాఠము. ఇట్లు పైకి పోయినకొలది సభ్యుని దృష్టి తన గొంతునుండి ఎదుటివాని గొంతుకు మరలుచుండును.

మార్గములు రెండును ముగిసినను బిరుదు రాదు. పండ్రెండు మాసములు క్లబ్బులో ఏదైన పదవి నిర్వహింపవలెను. ఒక సంవత్సరము జిల్లా స్థాయిలో పనిచేయవలెను; వారి పరిభాషలో జిల్లా యనగా అనేక క్లబ్బుల సముదాయము. వేరొక క్లబ్బునకు తోడునీడగా నుండవలెను. క్రొత్త క్లబ్బును నెలకొల్పుటకు పూనుకొనవలెను, లేదా బయటివారికి గాని బాలబాలికలకు గాని శిక్షణ తరగతులు నడుపవలెను. ఇవిగాక ఒక స్వతంత్ర కార్యమును తలపెట్టి, జట్టును కూర్చుకొని, నెరవేర్చి చూపవలెను. పెద్దనగారి గండపెండేరమునకు ఇన్ని షరతులు లేవు!

ఈ మెట్లపై అందరికిని అడుగు పెట్టు హక్కు మొదటినుండి ఉన్నదనుకొనరాదు. దాదాపు అర్ధశతాబ్దము ఇది పురుషుల సంస్థ. 1970లో శాన్ డియాగోలో హెలెన్ బ్లాంచర్డ్ అను నామె 'హోమర్' అను మగపేరుతో పుస్తకములోనికి ఎక్కవలసి వచ్చినది. 1973లో నియమము మారినది. అదే హెలెన్ 1985లో సంస్థకు అంతర్జాతీయాధ్యక్షురాలయ్యెను.

లోపములు లేవా? కలవు. ఆనాడు విన్న ప్రసంగములలో రెండు అచ్చుగ్రుద్దినట్లుండెను: ఒకే చోట విరామము, ఒకే చోట చేయి చాపుట, ఒకే చోట గొంతు గద్గదమగుట. స్నేహితుల మధ్య విమర్శ తియ్యనై, పస తగ్గుటయు గమనించితిని. కొందరు మెట్లెక్కుటకు పడు తొందర చూడగా, రామకోటి వ్రాయుటకు కూలికి మనిషిని పెట్టుకొన్న షావుకారు జ్ఞాపకము వచ్చినాడు. చందా డాలర్ల లెక్కన ఆరునెలలకొకసారి కట్టవలెను. అది అందరికిని అందుబాటు కాదు. పదునెనిమిదేండ్లు నిండనిదే సభ్యత్వము లేదు. బాలురకు గావెల్ క్లబ్బులని వేరుగా నున్నవి కాని, మన పల్లె బడులకు అవి ఎంతవరకు చేరగలవు?

విరామము ముగిసినది. ఆమె లేచినది. అయిదవ మెట్టు చివర, నడచివచ్చిన దారిని తలచుకొనుచు పది పండ్రెండు నిమిషములు మాటలాడవలెనట. ఆంగ్లములో మొదలిడి, నడుమ ఒక్క వాక్యము మాత్రము తెలుగులో చెప్పినది. "ఇక చాల్లే, కూర్చో అమ్మా." తొమ్మిదవ తరగతిలో ఆమెతో ఎవరో అన్న మాట. బయట మబ్బు పట్టినదట, ఇంకను పదునలుగురు పిల్లలు మిగిలియుండిరట. ఆ మాట కోపముతో అన్నది కాదట. ఐనను కళాశాలలో నాలుగేండ్లు, ఉద్యోగములో మూడేండ్లు, ఎవరైన ప్రశ్న అడుగగానే ఆ మాట చెవిలో వినబడి కూర్చుండిపోయెడిదట. 2019లో ఈ క్లబ్బులో మొదటిసారి లేచినప్పుడు, నాలుగు నుండి ఆరు నిమిషములు తన్ను గూర్చి చెప్పవలసినచోట ఒకటిన్నర నిమిషముకంటె చెప్పలేకపోయినదట. "ఎవరూ కూర్చోమనలేదు" అన్నది.

ఆమె నావైపు చూడలేదు. చప్పట్లు కొట్టుటకు నాకు చేతులు రాలేదు.

మెట్లు దిగుచుండగా ఆమెయే అన్నది: "మీ పేరు చెప్పలేదుగా మాస్టారూ."

"చెప్పినా బాగుండేదమ్మా" అంటిని.

బిరుదునకు ఆమెకు ఇంకను ఒక షరతు మిగిలియున్నది: బాలబాలికలకు ఎనిమిది సమావేశముల శిక్షణ. ఎక్కడ నడుపుదునా యని ఆలోచించుచున్నానన్నది. మన బడిలోనే నడుపరాదా అని నేనంటిని. ప్రధానోపాధ్యాయునివద్దకు నేనే పోయి అనుమతి తెచ్చితిని. ఎనిమిదవ తరగతి, తొమ్మిదవ తరగతి పిల్లలు ఇరువదిమంది, భాష తెలుగు, శనివారము మధ్యాహ్నము.

మొదటినాడు నేను వెనుక బల్లపై కూర్చుంటిని. ఒక పిల్లవాడు లేచి తన పేరు చెప్పి ఆగిపోయినాడు. చొక్కా చివర మెలిపెట్టుచున్నాడు. ముందువరుసలో ఎవరో కిసుక్కుమనిరి. అర నిమిషము గడచినది. ఎంత అలవాటో, నా పెదవులు కదిలినవి. ఆమె నావైపు తిరుగకయే అరచేయి కొంచెముగా ఎత్తి ఆపినది. మరి పది క్షణములు. తరువాత ఆ పిల్లవాడు, "మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. ఒకటి పొడుస్తుంది" అన్నాడు. తరగతి అంతయు నవ్వినది, వాడును నవ్వినాడు. ఇక ఆ పొడుచు గేదె కథ ఆగలేదు. ఆకుపచ్చ అట్ట పట్టుకొన్న పిల్ల దానిని ఎత్తుటయే మరచిపోయినది.