క్యావన్‌లో స్మిత్ అంటే ఎవరు?

ఐర్లండ్‌లోని క్యావన్ కౌంటీ నిండా చిన్న చిన్న గుట్టలు, వాటి సందుల్లో సరస్సులు. ఏడాదికి ఎన్ని రోజులో మాకు అన్ని సరస్సులని అక్కడివాళ్లు గొప్పలు పోతారు. తాతముత్తాతల జాడ వెతుక్కుంటూ అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చినవాళ్లను మాత్రం తికమక పెట్టేది ఇక్కడి స్మిత్‌లు. పేరు చూస్తే ఇంగ్లీషు, వంశం చూస్తే తరతరాల ఐరిష్ కాథలిక్కులు. వాళ్లలో చాలామంది అసలు మెక్‌గవన్‌లు, అంటే కమ్మరివాడి సంతానం. ఇంగ్లీషు పాలనలో ఆ ఇంటిపేరు తర్జుమా అయి స్మిత్ అయిపోయింది. ఒకప్పుడు ఈ సీమను ఏలిన ఓ'రైలీలకూ చిక్కు తప్పలేదు. ముందున్న 'ఓ' ఒక తరంలో రాలిపోతుంది, ఇంకో తరంలో మళ్లీ వచ్చి చేరుతుంది. రిజిస్ట్రార్ల అవస్థ చూసి రాబర్ట్ మాథిసన్ అనే అధికారి 1890లో ఇలాంటి రూపాంతరాలతో ఏకంగా పుస్తకమే వేశాడు.

అందుకే ఇంటిపేరు కంటే ఊరిని పట్టుకోవడం మేలు. ఊరంటే ఇక్కడ టౌన్‌ల్యాండ్. దేశం మొత్తం మీద 60 వేల పైచిలుకు ఉన్నాయి. 1847–64 మధ్య పన్ను కోసం రిచర్డ్ గ్రిఫిత్ చేయించిన మదింపులో ఏ టౌన్‌ల్యాండ్‌లో ఏ ఇల్లు, ఏ పొలం ఎవరి చేతిలో ఉందో రాశారు. ఒకే చోట ఇద్దరు పాట్రిక్ రైలీలు తగిలితే పేరు పక్కన తండ్రి పేరో, జుట్టు రంగో చేర్చారు. వెతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి!

జనాభా లెక్కల సంగతే బాధాకరం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డుల భవనం తగలబడి 1821–51 లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1861 నుంచి 1891 దాకా తీసినవాటిని అంతకుముందే సర్కారే నాశనం చేయించింది. క్యావన్ కొంత అదృష్టవంతురాలు, ఇక్కడి కొన్ని పేరిష్‌ల 1821 లెక్కలు మిగిలాయి.

నాకు ముచ్చటేసేవి పింఛను కాగితాలు. 1909లో డెబ్బై ఏళ్లవాళ్లకు పింఛను మొదలైంది. 1864కు ముందు పుట్టినవాళ్లకు సర్కారీ జనన నమోదు లేదు. దాంతో వయసు రుజువు కోసం తల్లిదండ్రుల పేర్లు, అప్పటి టౌన్‌ల్యాండ్ రాసిస్తే గుమాస్తాలు 1841, 1851 లెక్కలు తిరగేసి, ఆ ఇంట్లో ఏం దొరికిందో రాసిపెట్టారు. అసలు లెక్కలు కాలిపోయినా ఈ కాగితాలు చాలా బతికాయి.

పింఛను ఆశ వయసునూ పెంచింది. 1901 లెక్కల్లో యాభైల్లో ఉన్నవాళ్లు 1911 కల్లా డెబ్బై దాటేసిన ఇళ్లు ఎన్నో! బాప్తిస్మ రిజిస్టరుతో సరిచూసుకోక తప్పదు. కాథలిక్ పేరిష్ రిజిస్టర్లను నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. కొన్నింటిలో రాత లాటిన్‌లో ఉంటుంది, పాట్రిక్ అక్కడ పాట్రిసియస్ అయి కూర్చుంటాడు.