వెంకయ్య సోమరేనా? - 'ఒక ఊరి కథ' మీద కొన్ని మాటలు

1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' గురించి ఎక్కడ మాట్లాడినా మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: వెంకయ్య సోమరి కాదా? పనికి పోడు, కొడుకు కిష్టయ్యనూ పోనీయడు. రెక్కలు ముక్కలు చేసుకుంటే బాగుపడేది భూస్వామే గదా అన్నది అతని వాదన.

కర్నూలు, కడప పల్లెల్లో జీతమున్న మాల మాదిగ కుటుంబాలకు ఈ వాదన కొత్తది కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు ఆసామి కొట్టంలో చేరడం, ఏడాది తిరిగినా అప్పు తరక్కపోవడం మనవాళ్లు అనుభవించిందే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. సినిమా ఆ మరుసటేడు వచ్చింది.

దీనికి మూలం 1930ల నడుమ ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్'. అందులో తండ్రీకొడుకులు చమార్లు. కోడలు లోపల పురిటి నొప్పులతో అల్లాడుతుంటే బయట ఇద్దరూ ఆలుగడ్డలు కాల్చుకుంటుంటారు. తను లేచిపోతే తండ్రి ఎక్కువ తినేస్తాడని కొడుకు కదలడు. ఆమె చనిపోయాక కఫన్ గుడ్డకని అడుక్కున్న డబ్బుతో తాగుతారు. మనిషితనం చచ్చినోళ్లను చూపడానికి దళితులే దొరికారా అని ఓంప్రకాశ్ వాల్మీకి వంటి హిందీ దళిత రచయితలు నిలదీశారు. నిలదీయాల్సిందే. సేన్ కొంత తిప్పి చూశాడు, వెంకయ్య మొండితనంలో ధిక్కారం వుందన్నాడు. ఆ పాత్ర వేసిన వాసుదేవరావే 1975 కన్నడ సినిమా 'చోమన దుడి'లో సొంత సేద్యం కోసం తపించి దక్కకుండానే చచ్చిపోయిన దళితుడు చోముడు. అక్కడ భూమి అడిగిన మనిషే ఇక్కడ పనే వద్దంటున్నట్టు తోస్తుంది మాకు.

అయితే మా అసలు పేచీ వేరే. కిష్టయ్య నీలమ్మను చేసుకున్నాకే తండ్రీకొడుకుల మధ్య బీట పడుతుంది. ఆమె కష్టం చేసి తెస్తుంది. ఆ కూడు తింటూనే మామ ఆమెను ఓర్వడు, కొడుకు ఎటూ తేల్చుకోలేడు. కాన్పులో ఆమె చచ్చిపోతుంది. భూస్వామి మీద వెంకయ్య చేసిన సమ్మెకు మూల్యం కట్టిందెవరు?

కోసిగి వైపు నుంచి మిరపకోతకు గుంటూరు పోయే సంసారాల్లోనూ ఇట్లాంటి తగాదాలు విన్నాం. "నువ్వు జీతమున్నావని నన్నూ వుండమంటావా నాయనా?" అంటాడు చదువుకున్న కొడుకు. తండ్రి దగ్గర జవాబుండదు. తల్లి మాత్రం మూటలు కట్టుకుంటా వుంటుంది, తెల్లారి లారీ ఎక్కాల.