మందారము – కేశసంస్కారము

కుంకుడు రసముతో తలంటి పోసికొను నాడు ఆ రసములో గుప్పెడు మందారపు టాకులు నలిపి కలుపుట మన యిండ్లలో చిరకాలముగా నున్న వాడుక. ఆకు తడిసి చేతుల నడుమ నలిగినంతనే, కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగు నొక జిగురు పుట్టును. ఈ జిగురే మందారముయొక్క గుణమునకు ముఖ్యాధారమనియు, పువ్వునకు లోకము కట్టబెట్టిన కీర్తిలో నధికభాగము న్యాయముగా ఆకునకు చెందవలసినదనియు నా యభిప్రాయము.

లిన్నేయసు 1753లో ‘హైబిస్కస్ రోజా-సైనెన్సిస్’ అని నామకరణము చేసిన యీ మొక్క ప్రత్తికిని, బెండకును, గోంగూరకును జ్ఞాతి. బెండకాయ తరుగునప్పుడు కత్తిపీట కంటుకొను బంకయు, మందారపు టాకు జిగురును ఒకే వంశలక్షణములు. రామ్నోసు, గాలక్టోసు మొదలగు శర్కరలును, వానినుండి కలిగిన యామ్లములును దీర్ఘశృంఖలములుగా పెనవేసికొనుటచే నేర్పడిన యీ పదార్థము తన బరువునకు మించిన నీటిని పట్టి యుబ్బి, తాకిన వస్తువుపై పలుచని పొరగా పఱచుకొనును.

వెంట్రుక, చర్మములోని కుదురునందు తప్ప, జీవములేని వస్తువు. దాని పైభాగమున కెరటిన్ అను మాంసకృత్తుతో నేర్పడిన సూక్ష్మములైన పొలుసులు ఒకదాని నొకటి కొంత కప్పుచు మూలమునుండి కొనవఱకు వరుసదీరి యుండును. తలచర్మపు పీహెచ్ సుమారు 5.5, స్నానపు సబ్బుది 9కిని 10కిని నడుమ. క్షారము సోకినప్పుడు వెంట్రుక యుబ్బి, పొలుసులు లేచి, ఉపరితలమున ఋణవిద్యుదావేశము పెరిగి, వెంట్రుకలు పరస్పరము వికర్షించుకొనుటయు, రాచుకొని చిక్కుపడుటయు జరుగును. బోరుబావి ఉప్పునీరే దిక్కైన యూళ్ళలో నీటిలోని సున్నపు లవణములు సబ్బుతో కూడి తెల్లని మడ్డియై తలకంటుట దీనికి తోడు. సబ్బు క్షారగుణమును పువ్వే బయటపెట్టగలదు. ఎఱ్ఱమందారపు రేకులను వేడినీట నానబెట్టి తీసిన రసమున నిమ్మరసము పిండినచో రంగు ముదురెఱుపెక్కును. సబ్బునీరు పోసినచో ఆకుపచ్చనగును. ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యముయొక్క యీ స్వభావమును బడిపిల్లలు సైతము పరీక్షించి చూచుచున్నారు.

కుంకుడులోని సపోనినులు క్షారములు కాకయే మురికిని వదల్చును. అయినను మురికితోపాటు వెంట్రుకకు స్వతస్సిద్ధమైన చమురును గూడ కొంత లాగివేసి దానిని బిరుసెక్కించును. ఆకుజిగురు పొలుసులపై పొరయై నిలిచి ఆ బిరుసుదనమును తగ్గించుటచే దువ్వెన సులువుగా జారును. ఇంతవఱకు సందేహమునకు తావులేదు.

వివాదమెల్ల జుట్టు పెరుగుదలను గూర్చియే. ఆయుర్వేద నిఘంటువులలో జపాపుష్పమనబడు మందారమునకు కేశ్యమని పేరు గలదు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థవారు మందారపు టాకులనుండియు, పువ్వులనుండియు పెట్రోలియం ఈథరుతో తీసిన సారములను ఎలుకలపై ప్రయోగించి, రోమవృద్ధియందు పువ్వుకంటె ఆకే మిన్నయని 2003లో ప్రకటించిరి. తోళ్ళ సంస్థకు కేశములతో నేమి పనియని శంకించువారు, తోలు శుద్ధిచేయువానికి రోమము నూడదీయుటయే తొలిపనులలో నొకటియని యెఱుగుదురు గాక. అయినను ఎలుక వీపున మొలిచిన రోమము మనుష్యుని బట్టతలకు పూచీ కాజాలదు. పురుషులలో తఱచుగా కనబడు బట్టతలకు వంశపారంపర్యమును, హార్మోనులును కారణములు. మనతలపై నున్న యించుమించు లక్ష వెంట్రుకలలో దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట ప్రకృతిసిద్ధమే; పెరుగుదల నెలకొక సెంటీమీటరు మాత్రమే. కావున నెలదినములలో ఫలము చూపెదనను తైలమును నమ్మి మోసపోవుటకంటె ఆ పైకముతో కొబ్బరినూనె కొనుట మేలు.

తైలమును గూర్చి యొక సూక్ష్మము కలదు. జిగురును, ఎఱుపు రంగును నీటిలో కరగునవియే గాని నూనెలో దిగవు. పువ్వులు వేసి కాచిన తైలమున కొన్ని నూనెలో కరగు పదార్థములు చేరుట నిజమే. పైని చెప్పిన పరిశోధనయందు ఈథరు గ్రహించినదియు నట్టి పదార్థములనే. ఐనను అందలి మేలులో పెద్దపాలు కొబ్బరినూనెదే. అందలి లారిక్ ఆమ్లము వెంట్రుకలోనికి చొరబడి, కడుగునప్పుడు మాంసకృత్తు నష్టము కాకుండ తగ్గించునని పరీక్షలలో తేలినది. నెరసిన తల నల్లబడుననుట ఉత్తమాట. పూర్వము పూరేకులను తోలుబూట్లపై రుద్ది నలుపు తెచ్చెడివారు. ఆ పని గోరింటాకువలె వెంట్రుకను పట్టుకొని నిలుచు రంగునకు సాటి రాదు.

ముఖమునకు పూయుటను గూర్చి చెప్పవలసినది స్వల్పము. జిగురు చర్మముపై తేమను కొంతసేపు నిలుపును. ఆఱునప్పుడు బిగువు తోచును, కడిగినంతనే ఆ బిగువు పోవును. ముడుతలు మాయమగునను ప్రచారమునకు ఆ క్షణికమైన బిగువే మూలమై యుండనోపును. క్రొత్తగా వాడువారు ముంజేతిపై కొంచెము పూసి, ఒకదినము దురదయు, ఎఱ్ఱదనమును లేకుండ గడచిన పిదపనే ముఖమునకు పూయుట మంచిది. నూఱిన ముద్ద శర్కరలును నీరును నిండినదగుటచే సూక్ష్మజీవులకు విందుభోజనము. కావున ఏ పూటకాపూట నూఱుకొని, మిగిలినదానిని మొక్క మొదట పాఱవేయవలెను.