చక్రాలున్నంత మాత్రాన... గల్ఫ్ తీరంలో ఆర్‌వీ యాత్ర: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ఈ ముచ్చట తరచూ వినిపిస్తుంది. అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు, ఒక ఆర్‌వీ, అంటే చక్రాల మీది ఇల్లు, అద్దెకు తీసుకుని అందరం సముద్రం వెంబడే తిరిగొద్దాం అని. వంట మనదే, పడక మనదే, బాత్రూమూ మనదే. దారి కూడా ఊరించేదే. టెక్సాస్ కొసన, మెక్సికో సరిహద్దు పక్కనున్న సౌత్ పాడ్రే ఐలాండ్‌లో మొదలుపెట్టి లూసియానా, మిసిసిపి, అలబామా తీరాలు దాటుకుంటూ ఫ్లోరిడా చివర కీ వెస్ట్ దాకా, గల్ఫ్ ఆఫ్ మెక్సికో చుట్టూ సుమారు రెండు వేల మైళ్లు. చేసి తీరాల్సిన ప్రయాణమే, అనుమానం లేదు. చిక్కంతా ఒక్క నమ్మకంతోనే: ఇంటికి చక్రాలున్నాయి కాబట్టి ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్లిపోవచ్చని. మిగతా అపోహలన్నీ దాని పిల్లలే.

అపోహ: వెచ్చటి తీరం కదా, ఏ నెలలో వెళ్లినా ఒకటే

ఈ తీరం అంతా ఒకే వాతావరణం కాదు. జనవరిలో కీ వెస్ట్‌లో రాత్రి కూడా 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగిన దాఖలాయే లేదు. అదే నెలలో ఫ్లోరిడా ఉత్తర తీరాన ఉన్న పెన్సకోలాలో తెల్లవారుజామున ఆరేడు డిగ్రీలు మామూలు. 'ఫ్లోరిడా బీచ్' అని ఫొటో చూసి అక్కడ బుక్ చేసుకున్నవాళ్లు స్వెట్టర్లేసుకుని ఇసుకలో నడుస్తారు, నీళ్లలోకి దిగరు.

అప్పుడప్పుడు చలి ఇంకా గట్టిగానే తగులుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను ముంచిన చలికి సౌత్ పాడ్రే ఐలాండ్ దగ్గర సముద్రపు తాబేళ్లు కొయ్యబారి తేలితే, స్థానికులు వేలకొద్దీ తెచ్చి కన్వెన్షన్ సెంటర్‌లో పరిచి కాపాడారు. 2025 జనవరి 21న న్యూ ఆర్లీన్స్‌లో 8 అంగుళాల మంచు పడింది. ఐ-10 హైవేను చాలా చోట్ల మూసేశారు. అలాంటి రాత్రి ఆర్‌వీలో మొదట గడ్డకట్టేది బయట నుంచి నీళ్లు తెచ్చే గొట్టం. చలి కబురు వినగానే ట్యాంకు నింపుకుని, గొట్టం విప్పి లోపల పెట్టుకోవాలి.

ఇక వేసవి. మన అమ్మానాన్నలు సాధారణంగా వచ్చేది ఇండియా ఎండలు తప్పించుకుందామని, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్యలో. గల్ఫ్ తీరానికి సరిగ్గా అదే చెడ్డ కాలం. ఉక్కపోత మచిలీపట్నానికి ఏమీ తీసిపోదు. ఆర్‌వీ పైకప్పు మీది ఏసీ, బయటి వేడి కంటే పదకొండు డిగ్రీలు తగ్గిస్తే గొప్ప. బయట 36 ఉంటే లోపల 25 అన్నమాట, అదీ తలుపులు తీయకుండా కూర్చుంటే. మనవలున్న బండిలో తలుపు మూసి ఉండటం అయ్యే పనేనా?

నవంబరు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఈ తీరానికి మంచి కాలం. కెనడా నుంచీ, ఉత్తరాది రాష్ట్రాల నుంచీ రిటైరైనవాళ్లు బళ్లు కట్టుకుని దిగేది అప్పుడే. ఫ్లోరిడాలో వాళ్లని స్నోబర్డ్స్ అంటారు, టెక్సాస్‌లో వింటర్ టెక్సన్స్ అంటారు. క్యాంప్‌గ్రౌండ్లలో మీకు పోటీ వాళ్లే.

అపోహ: తుపాను వస్తే ఏముంది, బండి తీసుకుని వెళ్లిపోతాం

అన్నిట్లోకీ ప్రమాదకరమైన మాట ఇదే. అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఆగస్టు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా ఉద్ధృతి. 2018 అక్టోబరు 10న మైకేల్ హరికేన్ మెక్సికో బీచ్ దగ్గర తీరం దాటి, సెయింట్ జోసెఫ్ పెనిన్సులాను రెండు ముక్కలు చేసింది. ఆర్‌వీలవాళ్లకు ఎంతో ఇష్టమైన స్టేట్ పార్కు ఉన్న చోటది. 2022 సెప్టెంబరు 28న ఇయాన్ దెబ్బకు శానిబెల్ దీవికి వెళ్లే కాజ్‌వే పలుచోట్ల తెగిపోయింది. దివిసీమ ఉప్పెన చూసిన తరానికి ఉప్పునీళ్ల దెబ్బ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

వెళ్లిపోవడం అంత తేలికా? 2005లో రీటా హరికేన్ వస్తోందని హ్యూస్టన్ ప్రాంతం ఒక్కసారిగా కదిలితే హైవేలు గంటలు గంటలు నిలిచిపోయాయి, దారిలో పెట్రోలు అయిపోయిన కార్లు రోడ్డు పక్కన వరసకట్టాయి. ఆ రద్దీలో గాలన్‌కు ఎనిమిది మైళ్లిచ్చే ముప్పై అడుగుల బండిని ఊహించుకోండి. ఫ్లోరిడా కీస్ నుంచి బయటపడాలంటే దీవుల పొడవునా ఉన్నది ఒక్క హైవే. అందుకే అక్కడ ఖాళీ చేయించేటప్పుడు పర్యాటకుల్నీ ఆర్‌వీల్నీ మొదటే పంపించేస్తారు. పైగా ఆర్‌వీ అంటే గాలికి అడ్డంగా నిలబెట్టిన పెద్ద పెట్టె. తుపాను దాకా ఎందుకు, టాంపా బే మీది సన్‌షైన్ స్కైవే వంతెనను గంటకు 40 మైళ్ల గాలి నిలకడగా వీస్తే చాలు మూసేస్తారు.

కాబట్టి హరికేన్ల కాలంలో వెళ్లక తప్పకపోతే, ఉత్తరంగా లోపలికి పోయే దారులు ముందే చూసి పెట్టుకోవాలి. ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకూడదు. ఖాళీ చేయమని హెచ్చరిక వచ్చేదాకా కూర్చోకుండా, వస్తుందేమో అన్నప్పుడే కదలాలి.

అపోహ: బుకింగ్ ఎందుకు, రాత్రికి ఎక్కడో చోట ఆపుకుంటే సరి

యూట్యూబ్ వీడియోలు నేర్పిన చదువు ఇది. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో పడుకోవచ్చా అన్నది ఆ స్టోరు మేనేజరు ఇష్టం, ఆ ఊరి చట్టం. తీరప్రాంతపు ఊళ్లలో చాలాచోట్ల కుదరదు. హైవే రెస్ట్ ఏరియాల సంగతి రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో 24 గంటలు ఉండనిస్తారు, ఫ్లోరిడాలో మూడు గంటలే.

బీచ్ మీదే బండి పెట్టుకుని పడుకోవడం టెక్సాస్‌లో కొన్నిచోట్ల నిజంగా కుదురుతుంది. 1959లో వచ్చిన ఓపెన్ బీచెస్ చట్టం పుణ్యమా అని అక్కడ తీరం జనానిది. పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్‌లో సముద్రానికి పది అడుగుల దూరంలో నిద్రలేవొచ్చు. నీళ్లుండవు, కరెంటుండదు. మొదటి ఐదు మైళ్లు దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లకు తప్ప దారి లేదు. అద్దె ఒప్పందాల్లో ఇసుకలోకి దించకూడదని సాధారణంగా రాసే ఉంటుంది. కూరుకుపోతే లాగించే ఖర్చు మీదే. ఇదే పని ఫ్లోరిడాలో చేద్దామనుకుంటే పోలీసు వచ్చి కిటికీ తడతాడు.

ఫ్లోరిడాలో అందమైన చోట్లన్నీ దాదాపు ప్రభుత్వ పార్కుల్లోనే ఉన్నాయి: కీస్‌లో బహియా హోండా, టాంపా దగ్గర ఫోర్ట్ డి సోటో, పెన్సకోలా దగ్గర ఫోర్ట్ పికెన్స్. స్టేట్ పార్కుల్లో సైట్లు ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు 11 నెలల ముందు, బయటివాళ్లకు 10 నెలల ముందు తెరుస్తారు. 2024 నుంచి ఇదీ పద్ధతి. అంటే డాలస్‌లో ఉండే మీకంటే టాంపాలో ఉండే మీ బావమరిదికి నెల రోజులు ముందుగా అవకాశం. ఫిబ్రవరిలో బహియా హోండా కావాలంటే ఆ నెల రోజుల్లోనే అయిపోతుంది. దొరకలేదని వదిలేయకండి, రద్దయ్యేవి వస్తూనే ఉంటాయి, ముఖ్యంగా వారం మధ్యలో. సైటు పొడవు మాత్రం చూసుకోండి. ఇరవై అయిదు అడుగుల జాగాలో ముప్పై అడుగుల బండి పట్టదు.

అపోహ: దారి పొడవునా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది

కనిపించదు. విశాఖపట్నం నుంచి నెల్లూరు దాకా ఎన్‌హెచ్-16 మీద వెళ్తే సముద్రం ఎంత కనిపిస్తుందో అక్కడా అంతే. లూసియానా దక్షిణమంతా చిత్తడి నేల. అచఫలాయా దగ్గర ఐ-10 దాదాపు 18 మైళ్లు వంతెన మీదే పోతుంది, కింద బురదనీళ్లు, సైప్రస్ చెట్లు. ఫ్లోరిడాలో బిగ్ బెండ్ అనే వంపులో బీచ్‌లే తక్కువ, రోడ్డు పైన్ అడవుల మధ్య నడుస్తుంది. కిందికి వెళ్తే ఎవర్‌గ్లేడ్స్, తీరం వెంట రోడ్డే లేదు.

సముద్రం నిజంగా రెండు పక్కలా కనిపించేది చివర్లో. మయామీ దిగువ నుంచి కీ వెస్ట్ దాకా 113 మైళ్ల ఓవర్సీస్ హైవే, 42 వంతెనలు. 1935 హరికేన్‌కు కొట్టుకుపోయిన రైలుమార్గం మీద కట్టి 1938లో తెరిచారు. రెండు వారాలే ఉంటే నా సలహా, ఆ పెద్ద వంపంతా చుట్టొద్దు. టాంపా నుంచి కీ వెస్ట్ వరకు, లేదా గాల్వెస్టన్ నుంచి సౌత్ పాడ్రే వరకు, ఏదో ఒక ముక్క చాలు. గాల్వెస్టన్ నుంచి బొలివార్‌కు వెళ్లే ఫెర్రీ ఉచితం, ఆర్‌వీలనూ ఎక్కించుకుంటారు, పిల్లలకు డాల్ఫిన్లు కనిపిస్తాయి.

రోజుకు ఆరు వందల మైళ్లు కారులో కొట్టినవాళ్లు ఆర్‌వీలో మూడు వందలు దాటకపోవడం మంచిది. పాత ఆర్‌వీవాళ్ల లెక్క మూడు మూళ్లు: మూడు వందల మైళ్లలోపు, మధ్యాహ్నం మూడింటికల్లా చేరడం, చేరినచోట మూడు రాత్రులు. చీకట్లో, కొత్తచోట, చెట్లకొమ్మల కింద రివర్స్ చేయడం ఏమిటో ఒక్కసారి చేస్తే ఈ లెక్క ఎందుకో తెలుస్తుంది.

అపోహ: మనం నడుపుతుంటే అమ్మ వెనకాల ఉప్మా చేసేస్తుంది

వద్దు. కాగుతున్న నూనె, ప్రొపేన్ మంట, బ్రేకు... ఇంతకంటే చెప్పనక్కర్లేదు. బండి కదిలితే అందరూ బెల్టుల్లో. సోఫాలన్నీ సీట్లు కావు, అద్దెకు తీసుకునే ముందు ఎన్ని బెల్టులున్నాయో అడగండి, ఎన్ని పడకలున్నాయో కాదు. పసిపిల్లల కారు సీటు బిగించడానికి ముందుకు చూసే సీటు కావాలి.

అపోహ: సైటులో కరెంటు ఇస్తారు కాబట్టి ఇంట్లోలాగే

అద్దె బళ్లలో చాలావాటికి 30 యాంపుల కనెక్షన్ ఉంటుంది. 120 వోల్టుల మీద అది మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 13, 14 యాంపులు తింటుంది. ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద పెడితే ఇంకో 15. ఆ పైన మైక్రోవేవ్ నొక్కారంటే బ్రేకర్ పడుతుంది, ఇల్లంతా చీకటి. 50 యాంపుల బండికి ఈ బాధ లేదు, అది 12,000 వాట్లు మోస్తుంది.

అమ్మ ఊరి నుంచి తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, అక్కడ తిరగదు. ఇడ్లీ పిండి రుబ్బి తీసుకెళ్లడమే మేలు. ప్రెజర్ కుక్కర్‌కు ప్రొపేన్ పొయ్యి చక్కగా సరిపోతుంది. పోపులూ చేపల వేపుళ్లూ బయట చిన్న గ్యాస్ పొయ్యి మీద పెట్టుకోండి. లోపలి పరదాలకు ఇంగువ పట్టిందంటే అద్దె సంస్థ క్లీనింగు ఫీజు వేస్తుంది.

అపోహ: బ్లాక్ ట్యాంక్ వాల్వు తెరిచి ఉంచితే దాని పని అదే చేసుకుంటుంది

ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం, అందరూ అవస్థపడే విషయం. టాయిలెట్ నుంచి వచ్చేది బ్లాక్ ట్యాంకులోకి, స్నానం, గిన్నెల నీళ్లు గ్రే ట్యాంకులోకి. సైటులో మురుగు గొట్టం తగిలించుకోగానే రెండు వాల్వులూ తెరిచి పెట్టేస్తారు చాలామంది. నీళ్లు జారిపోతాయి, మిగిలింది అడుగున గుట్టలా గట్టిపడుతుంది. బ్లాక్ వాల్వు మూసే ఉంచాలి. మూడింట రెండు వంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి, ఆ సబ్బు నీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. కాగితం కాకుండా నీళ్లు వాడే మన అలవాటు ఇక్కడ కలిసొస్తుంది, ట్యాంకులో నీళ్లు ఎంత ఉంటే అంత మంచిది.

నిజంగా ముందు నిండేది గ్రే ట్యాంకు. సుమారు 120 లీటర్లు, అంటే ఆరు బకెట్లు. అయిదుగురి స్నానాలతో సగం రోజుకే పొంగుతుంది. పార్కుల్లో స్నానాల గదులు ఉన్నచోట అవే వాడుకోండి.

అపోహ: హోటల్ ఖర్చు మిగులుతుంది

లెక్క వేద్దాం. సీజన్‌లో అద్దె రాత్రికి 150 నుంచి 250 డాలర్లు. మైలుకింతని వేరే, జనరేటరు గంటకింతని వేరే. ఫ్లోరిడా స్టేట్ పార్కు సైటు 16 నుంచి 42 డాలర్లు, కీస్‌లో ప్రైవేటు పార్కులైతే వంద దాటుతుంది. రెండు వేల మైళ్లకు గాలన్‌కు ఎనిమిది చొప్పున 250 గాలన్ల పెట్రోలు, మూడు డాలర్లనుకున్నా 750. కారుకు అదే దూరం రెండు వందల్లో అయిపోతుంది. మామూలు మోటెళ్లలో ఉండి కారులో తిరిగితే చవక. ఆర్‌వీ ఎంచుకోవడానికి కారణాలు వేరే ఉన్నాయి: షుగరున్న నాన్నకు వేళకు ఇంటి తిండి, అమ్మకు దారిలో బాత్రూం వెతుక్కునే బాధ లేకపోవడం, రాత్రి అందరూ ఒకే కప్పు కింద.

అపోహ: అంత పెద్ద బండికి ప్రత్యేక లైసెన్సు కావాలి

అక్కర్లేదు. అద్దెకిచ్చే మామూలు బళ్ల బరువు 26,000 పౌండ్ల పరిమితి కంటే చాలా తక్కువ, మామూలు లైసెన్సు చాలు. చూసుకోవాల్సింది బీమా. కారు బీమా, క్రెడిట్ కార్డు బీమా చాలావరకు ఆర్‌వీకి వర్తించవు. పైకప్పు దెబ్బతింటే అద్దె సంస్థ బీమా కూడా సాధారణంగా ఇవ్వదు. అందుకే బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించుకోండి. పెట్రోలు బంకు కప్పుల ఎత్తూ, డ్రైవ్‌త్రూల ఎత్తూ మీ ఫోనులోని మ్యాప్ చెప్పదు.

అమ్మానాన్న వచ్చేది వేసవిలోనే అయితే ఈ తీరం కారులో నాలుగు రోజులు చూపించి, ఆర్‌వీని చల్లటి కొండల వైపు తిప్పండి. లేదా వాళ్ల టికెట్లు జనవరికి మార్చండి. ఏది చేసినా అద్దె సంస్థకు ఫోన్ చేసేముందు పార్కుల బుకింగ్ క్యాలెండర్ తెరిచి చూడండి. సైట్లు దొరికిన తేదీలకే బండి మాట్లాడుకోండి.