దమ్మిడీ: గ్రీకు వెండి నుంచి తెలుగు సామెత దాకా

‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అనే సామెతలో అత్యల్పమైన విలువకు గుర్తుగా నిలిచిన దమ్మిడీ, పుట్టుకను బట్టి చూస్తే ఒక గొప్ప వెండి నాణెం వంశానికి చెందిన మాట. దాని మూలం ప్రాచీన గ్రీకుల ‘ద్రఖ్మే’. ఆ భాషలో దీనికి పిడికెడు అని అర్థం. నాణేలు రాకముందు గ్రీకులు ‘ఒబెలోస్’ అనే సన్నని ఇనుప చువ్వలను ద్రవ్యంగా వాడేవారనీ, ఒక చేతి పిడికిట ఇమిడే ఆరు చువ్వలు ఒక ద్రఖ్మే అయ్యేవనీ ప్రాచీనులు చెప్పుకున్నారు. ఆర్గోస్ సమీపంలోని హేరా దేవాలయపు తవ్వకాల్లో అలాంటి చువ్వల కట్ట నిజంగానే బయటపడడంతో ఆ మాటకు బలం చేకూరింది.

అలెగ్జాండర్ దండయాత్ర తరువాత వాయవ్య భారతాన్ని ఏలిన ఇండో-గ్రీకు రాజులు ఈ పేరుగల వెండి నాణేలను ముద్రించగా, సంస్కృతం దానిని ‘ద్రమ్మ’గా స్వీకరించింది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో పదహారు పణాలు ఒక ద్రమ్మమని లెక్క చెప్పాడంటే, అప్పటికి ఆ విదేశీ పదం పిల్లల గణిత పాఠంలో కలిసిపోయేంతగా మన సొంతమైందన్నమాట. ప్రాకృతంలో రేఫం జారిపోయి అది ‘దమ్మ’ అయింది; మొగలుల కాలానికి ‘దామ్’గా కురచైంది.

పేరు నిలిచినా లోహం మారిపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా గమనించదగిన మలుపు. అక్బరు కాలపు దామ్ సుమారు ఇరవై గ్రాముల బరువున్న రాగి నాణెం, నలభై దాములు కలిస్తే ఒక రూపాయి. ఒక దామ్‌లో ఎనిమిదో వంతును, చిన్నదనాన్ని సూచించే ప్రత్యయం చేర్చి ‘దమ్‌డీ’ అన్నారు. తెలుగు నోట అదే దమ్మిడీ అయింది. ఆ లెక్కన రూపాయికి 320 దమ్మిడీలు రావాలి గానీ, ఆంగ్లేయుల పాలనలో తెలుగువారు ఈ పేరును అణాలో పన్నెండో వంతైన ‘పై’ నాణేనికి పెట్టుకున్నందువల్ల రూపాయికి 192 దమ్మిడీలే అయ్యాయి. తమిళులు వాడే ‘తంబిడి’ కూడా ఈ మాటే.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి రావడంతో దమ్మిడీల లెక్కకు కాలం చెల్లింది. గ్రీసులోని ద్రఖ్మా కూడా 2002లో యూరోకు చోటిచ్చి తప్పుకుంది. అయితే అదే గ్రీకు మూలం నుంచి అరబ్బీలోకి వెళ్లిన ‘దిర్హామ్’ ఇప్పటికీ చెలామణిలో ఉంది. దుబాయిలో పనిచేస్తున్న తెలుగువారు జీతంగా అందుకుంటున్నది దానినే.