లారీకి క్రొత్త బ్యాటరీ

మదనపల్లె మార్కెట్టులో టమోటాలు నింపిన లారీ స్టార్టు కాక నిలిచినచో సరుకు చెడును. పుంగనూరు, కుప్పం మార్గములందు లారీలు నడుపువారికి ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. అయితే క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు టెర్మినళ్లు వదులైనవేమో, చిలుము పట్టినవేమో చూడవలెను.

పెద్ద లారీలలో సాధారణముగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు పొందుదురు. చెడినది ఒక్కటే గదా యని దానినే మార్చుట పొదుపుగా తోచును. కాని పాతదానికి, క్రొత్తదానికి చార్జి సమముగా అందక క్రొత్తదియు త్వరలో పాడగును. కావున ఒకే కంపెనీవి, ఒకే ఆంపియర్-అవర్ గలవి, తయారైన నెల చూచి జతగా కొనవలెను. పాతవానిలో సీసము, ఆమ్లము ఉండును. పెరటిలో పగులగొట్టక దుకాణదారునకే ఇచ్చి, ఆ మేరకు ధర తగ్గించుమని అడుగవచ్చును.