పంపుసెట్టు స్టార్టరులో నిచ్చెన పటం: చదివే తీరు, రూపొందించే తీరు

వ్యవసాయ మోటారు ఆగిపోయినప్పుడు రైతు ముందుగా తెరిచేది స్టార్టరు డబ్బాను. మూత లోపలి వైపు అతికించిన కాగితంపై రెండు నిలువు గీతలు, వాటిని కలిపే అడ్డగీతలు, నడుమ కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఎక్కువ సందర్భాలలో ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. ఏదో ఒక తీగను ఊడదీసి మరొక చోట తగిలించగానే మోటారు తిరుగుతుంది, సమస్య తీరినట్లే అనిపిస్తుంది. ఆ మార్పుతో ఏ రక్షణ తొలగిపోయిందో మోటారు కాలిపోయినప్పుడు గానీ, మనిషికి ప్రమాదం జరిగినప్పుడు గానీ తెలియదు. మూతపై ఉన్న ఆ పటమే నిచ్చెన పటం, అనగా లాడర్ డయాగ్రామ్. విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు దీనిని చదవగల నేర్పు ఎంతో అవసరం.

పటం స్వరూపం

మోటారు స్టార్టరులో రెండు వలయాలు ఉంటాయి. మూడు ఫేజుల విద్యుత్తును మోటారుకు చేరవేసేది శక్తి వలయం. ఎప్పుడు చేరవేయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది నియంత్రణ వలయం. నిచ్చెన పటం ప్రధానంగా ఈ రెండవదానిని చూపుతుంది. రెండు నిలువు గీతలు నియంత్రణ వలయానికి సరఫరా ఇచ్చే తీగలు. మన పంపుసెట్ల స్టార్టర్లలో ఇవి సాధారణంగా రెండు ఫేజులు, అనగా వాటి నడుమ 415 వోల్టులు ఉంటాయి. 240 వోల్టుల కాయిల్ ఉన్నచోట ఒకటి ఫేజు, మరొకటి న్యూట్రల్. ప్రతి అడ్డమెట్టు ఒక షరతుల వాక్యం వంటిది. ఎడమ నుంచి కుడికి వరుసగా ఉన్న కాంటాక్టులు షరతులు, మెట్టు చివర ఉన్న కాయిల్ ఫలితం. షరతులన్నీ నెరవేరితే కాయిల్‌కు విద్యుత్తు అందుతుంది.

పటం చదివేటప్పుడు మూడు సూత్రాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, కాంటాక్టులన్నీ విద్యుత్తు లేని, ఎవరూ బటన్ నొక్కని స్థితిలో గీయబడతాయి. ఆ స్థితిలో తెరిచి ఉండేది ఎన్‌ఓ కాంటాక్టు, మూసి ఉండేది ఎన్‌సీ కాంటాక్టు. రెండవది, వరుసగా కలిపిన కాంటాక్టులు 'ఇదీ, అదీ' అనే అర్థాన్ని, సమాంతరంగా కలిపినవి 'ఇది గాని, అది గాని' అనే అర్థాన్ని ఇస్తాయి. మూడవది, పటంలో ఒక పరికరానికి చెందిన భాగాలు వేర్వేరు మెట్లపై ఉండవచ్చు. ఒకే పేరు గల కాయిల్, కాంటాక్టులు కలిసే పనిచేస్తాయి.

టెర్మినళ్ల అంకెలు కూడా ఒక భాష వంటివే. కాంటాక్టర్ కాయిల్ కొసలు ఏ1, ఏ2. సహాయక కాంటాక్టులలో 13–14 ఎన్‌ఓ, 21–22 ఎన్‌సీ. ఓవర్‌లోడ్ రిలేలో 95–96 మోటారును ఆపే ఎన్‌సీ కాంటాక్టు, 97–98 హెచ్చరిక దీపానికి వాడే ఎన్‌ఓ కాంటాక్టు. చివరి అంకె 1, 2 అయితే ఎన్‌సీ అని, 3, 4 అయితే ఎన్‌ఓ అని గుర్తించవచ్చు. ఓవర్‌లోడ్ రిలేలోని 5–6, 7–8 జతలకూ ఇదే వరుస వర్తిస్తుంది.

ఒకే మెట్టు, నాలుగు రక్షణలు

సాధారణ డీఓఎల్ స్టార్టరు పటంలో ముఖ్యమైన మెట్టు ఒక్కటే. ఎడమ గీత నుంచి ఫ్యూజు, ఎర్ర బటన్ ఎన్‌సీ కాంటాక్టు, ఓవర్‌లోడ్ 95–96, పచ్చ బటన్ ఎన్‌ఓ కాంటాక్టు, కాయిల్ వరుసగా వచ్చి కుడి గీతను చేరతాయి. పచ్చ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ సొంత కాంటాక్టు 13–14 ఉంటుంది.

పచ్చ బటన్ నొక్కగానే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టర్‌ను మూస్తుంది. దానితోపాటే 13–14 మూసుకుంటుంది. బటన్ వదిలినా విద్యుత్తు ఆ దారిన ప్రవహిస్తూనే ఉంటుంది. దీనినే హోల్డింగ్ కాంటాక్టు అంటారు. ఎర్ర బటన్ నొక్కినా, ఓవర్‌లోడ్ తెరుచుకున్నా, ఫ్యూజు పోయినా, సరఫరా ఆగినా ఈ దారి తెగిపోతుంది. సరఫరా తిరిగి వచ్చినా మనిషి బటన్ నొక్కేవరకు మోటారు కదలదు. బావిలో దిగి ఫుట్‌వాల్వ్ సరిచేస్తున్న రైతుకు ఈ చిన్న కాంటాక్టే రక్షణ కవచం.

ఆపు బటన్‌ను ఎన్‌సీగా ఎందుకు ఉంచుతారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ బటన్ తీగ తెగితే మోటారు ఆగిపోతుంది. ఎన్‌ఓగా ఉంచి మరో విధంగా ఆపే ఏర్పాటు చేస్తే, తీగ తెగినా ఎవరికీ తెలియదు. అత్యవసర సమయంలో బటన్ నొక్కినా మోటారు ఆగదు. లోపం ఏర్పడితే యంత్రం సురక్షిత స్థితికి చేరాలన్నది నియంత్రణ వలయ రూపకల్పనలో మొదటి నియమం.

ఒక ఫేజు పోయినప్పుడు

పటం చదవడం వచ్చినవారికి దానిలోని కొరత కూడా కనిపిస్తుంది. కాయిల్ ఆర్, వై ఫేజుల మధ్య ఉందనుకుందాం. బీ ఫేజు ఫ్యూజు పోతే కాయిల్‌కు ఏ మార్పూ తెలియదు, కాంటాక్టర్ మూసుకునే ఉంటుంది. మోటారు రెండు ఫేజులపై తిరుగుతూ అదే భారాన్ని లాగడానికి, మిగిలిన తీగలలో సుమారు 1.73 రెట్లు లేదా అంతకు మించిన కరెంటును తీసుకుంటుంది. ఆగి ఉన్న మోటారైతే అసలు తిరగక, హోరుమంటూ వేడెక్కుతుంది. కాయిల్ ఉన్న ఫేజే పోయినా, తిరుగుతున్న మోటారు చుట్టలలో పుట్టే వోల్టేజీ కాయిల్‌ను పట్టి ఉంచే అవకాశం ఉంది.

కనుక సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కాంటాక్టును ఓవర్‌లోడ్ తరువాత వరుసలో చేర్చాలి. మూడు ఫేజులూ సరిగా ఉన్నప్పుడు ఈ రిలే ఉత్తేజితమై తన ఎన్‌ఓ కాంటాక్టును మూసి ఉంచుతుంది. పటంలో అది తెరిచినట్లు గీసి ఉన్నా, పనిచేసే వేళ మూసి ఉంటుందని గ్రహించాలి. వోల్టేజీని మాత్రమే కొలిచే రకం పైన చెప్పిన వెనుక వోల్టేజీ వల్ల మోసపోవచ్చు. తిరుగుతున్న మోటారుకు కరెంటును కొలిచే రకం మరింత నమ్మకమైనది.

ఆటో స్టార్టరు ఎక్కడ తప్పింది

రాత్రివేళ సరఫరా వచ్చే రోజులలో చీకట్లో పొలానికి వెళ్లి బటన్ నొక్కే బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లను ఆశ్రయించారు. చాలా చోట్ల దాని రూపం చాలా సులువు. పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక స్విచ్చును శాశ్వతంగా మూసి ఉంచడమే. పటం భాషలో చెప్పాలంటే హోల్డింగ్ కాంటాక్టుకు పనే లేకుండా పోయింది. సరఫరా రాగానే మోటారు తిరుగుతుంది, దాని పక్కన ఎవరున్నారో దానికి తెలియదు.

దీని ప్రభావం ట్రాన్స్‌ఫార్మరుపై కూడా పడుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు 433 వోల్టుల వైపు పూర్తి భారంలో సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. ఒక్కొక్కటి 7.5 ఆంపియర్లు తీసుకునే 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు దానిపై ఉంటే మొత్తం 30 ఆంపియర్లు, భారం పరిమితిలోనే ఉంది. అయితే నేరుగా ప్రారంభమయ్యే మోటారు తొలి క్షణాలలో పూర్తి భారపు కరెంటుకు దాదాపు ఆరు రెట్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి మొదలైతే 180 ఆంపియర్లు, అనగా సామర్థ్యానికి ఐదు రెట్లకు పైగా. వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు వేగం అందుకోలేక ఎక్కువసేపు అదే కరెంటును లాగుతాయి. ఫ్యూజులు పోతాయి. ఇది పదే పదే జరిగితే ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు దెబ్బతింటాయి. అవే మోటార్లు ఒకదాని తరువాత ఒకటి మొదలైతే అత్యధిక కరెంటు 67.5 ఆంపియర్లు, అదీ కొద్ది క్షణాలే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లను తొలగించాలని రైతులను కోరడానికి ఇదొక కారణం. అవసరం లేకున్నా మోటారు తిరుగుతూ భూగర్భజలాన్ని తోడివేయడం మరొక కారణం. నిషేధం మాట అటుంచితే, రైతు అవసరం నిజమైనది. ఆ అవసరాన్ని సురక్షితంగా తీర్చే పటం గీయడమెలా అన్నదే సాంకేతిక ప్రశ్న.

మెరుగైన పటం రూపకల్పన

రూపకల్పన గీతలతో కాక, మాటలతో మొదలుకావాలి. రైతు అవసరాలను ముందుగా వాక్యాలుగా రాయాలి. మోటారును చేత్తో నడపగలగాలి. ఆటోలో ఉంచితే సరఫరా వచ్చిన కొంత వ్యవధి తరువాతే మొదలుకావాలి. ఫేజు పోయినా, బోరులో నీరు తగ్గినా, భారం పెరిగినా ఆగాలి. ఈ వాక్యాలే మెట్లుగా మారతాయి.

మొదటి భాగం అందరికీ ఉమ్మడి. ఫ్యూజు, ఆపు బటన్, ఓవర్‌లోడ్ 95–96, ఫేజు రిలే కాంటాక్టు, నీటి మట్టం రిలే కాంటాక్టు వరుసగా ఉండాలి. ఆపైన మూడు స్థానాల ఎంపిక స్విచ్చు వస్తుంది: చేతి, ఆపు, ఆటో. చేతి స్థానం నుంచి పచ్చ బటన్, దానికి సమాంతరంగా 13–14, ఆపై కాయిల్. ఆటో స్థానం నుంచి రెండు దారులు చీలతాయి. ఒకటి టైమరు కాయిల్‌కు, రెండవది టైమరు ఎన్‌ఓ కాంటాక్టు మీదుగా కాంటాక్టర్ కాయిల్‌కు. సరఫరా పోతే టైమరు మొదటికి వస్తుంది, తిరిగి వస్తే మళ్లీ లెక్కిస్తుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరుపై ఉన్న రైతులు తమ టైమర్లను రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది నిమిషాలుగా విభజించుకుంటే మోటార్లు వరుసగా మొదలవుతాయి.

గీసిన పటాన్ని ప్రతి సందర్భానికీ నడిపి చూడాలి. అప్పుడే దాగిన లోపాలు బయటపడతాయి. ఆటోలో ఉండగా ఎర్ర బటన్ నొక్కి వదిలితే ఏమవుతుంది? టైమరు మళ్లీ లెక్కించి, కొన్ని నిమిషాలకు మోటారు తానే మొదలవుతుంది. మోటారు ఆగిందని దగ్గరికి వెళ్లిన మనిషికి ఇది ప్రాణాపాయం. కనుక ఆపు బటన్ నొక్కితే అక్కడే నిలిచిపోయే రకం వాడాలి. ఓవర్‌లోడ్ రిలే ఆటో రీసెట్‌లో ఉంటే ఏమవుతుంది? రిలే చల్లారిన ప్రతిసారీ చెడిన మోటారు మళ్లీ మొదలై చివరకు కాలిపోతుంది. కాబట్టి రిలే చేతి రీసెట్‌లోనే ఉండాలి. నీటి మట్టానికి ఒకే ఎలక్ట్రోడు ఉంటే ఏమవుతుంది? నీరు ఆ గీత వద్ద ఊగిసలాడినప్పుడల్లా మోటారు ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. కింది మట్టం వద్ద ఆపడానికి ఒకటి, పై మట్టం వద్ద అనుమతించడానికి మరొకటి కావాలి.

స్టార్–డెల్టా పటంలో పరస్పర నిరోధం

పెద్ద మోటార్లకు వాడే స్టార్–డెల్టా స్టార్టరులో ప్రధాన, స్టార్, డెల్టా అనే మూడు కాంటాక్టర్లు ఉంటాయి. స్టార్‌లో లైను కరెంటు, టార్కు రెండూ నేరుగా ప్రారంభించినప్పటి విలువలో మూడవ వంతుకు తగ్గుతాయి. మొదటి మెట్టు ప్రధాన కాయిల్‌ను, టైమరును నడుపుతుంది. రెండవ మెట్టులో టైమరు ఎన్‌సీ, డెల్టా కాంటాక్టర్ 21–22 దాటి స్టార్ కాయిల్ ఉంటుంది. మూడవ మెట్టులో టైమరు ఎన్‌ఓ, స్టార్ కాంటాక్టర్ 21–22 దాటి డెల్టా కాయిల్ ఉంటుంది. ఈ రెండు 21–22 కాంటాక్టులు లేకుంటే, స్టార్, డెల్టా ఒకేసారి మూసుకున్న క్షణాన మూడు ఫేజులూ నేరుగా కలిసి షార్టు ఏర్పడుతుంది. మరమ్మతులో ఈ తీగలను 'అనవసరం' అని తొలగించడం తరచూ జరిగే పొరపాటు.

ఓవర్‌లోడ్ రిలే ఎక్కడ ఉందో శక్తి వలయంలో చూడాలి. అది మోటారు చుట్టల దారిలో ఉంటే, నామఫలకంపై ఉన్న లైను కరెంటులో 0.58 వంతుకు అమర్చాలి. 15 ఆంపియర్ల మోటారుకు అది 8.7 ఆంపియర్లు. 15 వద్దే ఉంచితే రిలే ఉన్నా లేనట్లే.

లోపాన్ని పటంపై వెతకడం

బటన్ నొక్కినంతసేపే మోటారు తిరిగి, వదలగానే ఆగితే లోపం హోల్డింగ్ దారిలో, అనగా 13–14 లేదా దాని తీగలలో ఉంది. బటన్ నొక్కినా కాయిల్ కదలకుంటే ఫ్యూజు, ఆపు బటన్, 95–96, రక్షణ రిలేలు, పచ్చ బటన్, కాయిల్‌ను వరుసగా పరీక్షించాలి. కాయిల్ లాగి కాంటాక్టర్ మూసుకున్నా మోటారు తిరగకుంటే లోపం శక్తి వలయంలో ఉంది. ఎర్ర బటన్ నొక్కినా ఆగకుంటే కాంటాక్టర్ ముఖాలు కరిగి అతుక్కుని ఉండవచ్చు. మెయిన్ స్విచ్చు ఆపి, ఫ్యూజులు తీసి, మూడు ఫేజులలో సరఫరా లేదని నిర్ధారించుకున్నాకే మల్టీమీటరుతో దారి తెగిందో లేదో చూడాలి. బటన్ వద్ద 415 వోల్టులు ఉండే పటంలో తడి చేతికి రక్షణ లేదు. డబ్బాకు సరైన ఎర్తింగు తప్పనిసరి. వీలైన చోట కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరుతో బటన్ల వోల్టేజీని తగ్గించడం మేలు.

1969లో వచ్చిన మాడికాన్ 084 వంటి తొలి పీఎల్‌సీలు రిలే పటాల రూపాన్నే తమ భాషగా స్వీకరించాయి. 1993లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం నిచ్చెన పటాన్ని పీఎల్‌సీ భాషలలో ఒకటిగా గుర్తించింది. పంపుసెట్టు డబ్బాలో నేర్చుకున్న ఈ చదువు విద్యార్థికి బిందుసేద్య నియంత్రణ, పాలీహౌస్, ధాన్యం ఆరబెట్టే యంత్రాల వరకు ఉపకరిస్తుంది. క్షేత్ర సందర్శనలో విస్తరణ శాస్త్రవేత్త స్టార్టరు మూత తెరిపించి, మోటారు యజమానితో కలిసి ఆ ఒక్క మెట్టును వేలితో అనుసరిస్తే చాలు. హోల్డింగ్ కాంటాక్టు ఉందా, ఫేజు రిలే దారిలోనే ఉందా, ఓవర్‌లోడ్ ఏ అంకె వద్ద ఉంది అన్న మూడు ప్రశ్నలకు అక్కడికక్కడే సమాధానం దొరుకుతుంది.